చిల్లుల్లేని పట్టీ

కొత్త మిషను వేడెక్కడం మొదలుకాగానే ఆ వాసన వచ్చింది. చెట్టు జిగురు కాగే వాసన. సాంబ్రాణికి దగ్గరగా ఉంటుంది గానీ సాంబ్రాణి కాదు, చివర్లో కాస్త చేదు తగులుతుంది. కడప దగ్గర మా ఫ్యాక్టరీలో, అద్దాల తలుపుల వెనక, ఏసీ చల్లదనంలో తెల్లకోటు వేసుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఓర్వకల్లుకు వెళ్లిపోయాను. రాళ్ల గుట్టలు, రేకుల షెడ్డు, ఎండకు నీళ్లలా కదిలే రోడ్డు, గేటు దగ్గర గుప్పెట్లో మట్టి పట్టుకుని మబ్బులకేసి చూస్తున్న ఓబులరెడ్డి సారు. పక్కనున్న అమ్మాయి "మేడం, మేడం" అని పిలుస్తూనే ఉందట. నాకు వినపడలేదు.

ఓబులరెడ్డి సారు ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఓర్వకల్లు పక్క పల్లెలో మెట్ట సేద్యం చేసుకునే రెడ్ల ఇంట్లో పుట్టారు. ఇంజనీరింగు చదివి బెంగుళూరులో చాలా ఏళ్లు ఉద్యోగం చేశారు. ఒకనాడు అది వదిలేసి వచ్చి, తండ్రి భూమి అంచున షెడ్డు వేసి, సోలార్ పంపుల మోటార్లను నడిపే సర్క్యూట్ బోర్డులు తయారు చేయడం మొదలుపెట్టారు. ఎందుకు వచ్చేశారని అడిగితే "ఆడ మబ్బులు కనపడవు పాపా, అన్నీ బిల్డింగులే" అనేవారు. అది నిజమో, నన్ను ఆటపట్టించడమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మనిషి అంతే. సగం షెడ్డులో ఉండేవాడు, సగం ఆకాశంలో.

నాది కోసిగి. కర్నూలు జిల్లాలో ఆ మాట ఎవరికి చెప్పినా తరువాతి ప్రశ్న ఒకటే, మీవాళ్లు సుగ్గికి పోతారా అని. పోతారు. వానలు ముఖం చాటేసిన ఏడు మా వీధిలో తలుపులకు తాళాలు పడతాయి. మూటాముల్లె కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఆ వలసనే మేం సుగ్గి అంటాం. చదువు మానకుండా నేనూ పోయాను, సెలవుల్లో. మిరప మంట ఒకసారి చేతుల్లోకి దిగితే ఎన్నిసార్లు కడిగినా పోదు. నిద్రలో కళ్లు నులుముకుంటే లేచి ఏడవాల్సిందే. ఆ మంటకు దూరంగా పోవాలని తప్ప నాకు ఎలక్ట్రానిక్స్ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. డిప్లొమా సీటు అందులో దొరికింది, అంతే.

ఉద్యోగం కోసం పోయిన రోజు సారు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి పేరు అడిగారు. ఉరుకుందమ్మ అని చెప్పి, నవ్వుతారేమో అని చూశాను. మా కోసిగి పక్కనున్న దేవుడి ఊరి మీద పెట్టిన పేరు అది, కాలేజీలో దానికి నవ్వనివాళ్లు లేరు. సారు నవ్వలేదు. "కోసిగి పక్కనా? మిరపకాయలు కోసినావా?" అన్నారు.

"కోసినా సార్."

"తొడిమ ఊడకుండా కోస్తావా?"

"ఊడితే మేస్త్రీ తిడతాడు కదా సార్."

"అయితే రేపట్నుంచి రా. ఈడ కూడా కాళ్లు ఊడకుండా చూసుకునే పనే."

ఆయన చెప్పిన కాళ్లు బోర్డు మీద గుచ్చే విడిభాగాల కాళ్లు. వాటిని బోర్డుకు అతికించడమే మా పనిలో కీలకం. ఒక తొట్టినిండా కరిగిన తగరం ఉంటుంది. అడుగునుంచి మర తోస్తూ ఉంటే ఆ తగరం మధ్యలో అలలా లేచి, వంగి, మళ్లీ తొట్టిలోకే జారుతుంది. బోర్డు పట్టాల మీద మెల్లగా నడిచొచ్చి ఆ అలను అడుగున తాకుతూ పోతుంది. తాకినచోటల్లా అతుకు పడుతుంది. నేను అప్పటికి సముద్రం చూసి ఉండలేదు. నేను చూసిన మొదటి అల అదే. వెండి రంగులో, చప్పుడు లేకుండా, రోజంతా ఒకే చోట లేస్తూ ఉండేది. పని మధ్యలో దానికేసి చూస్తూ ఎక్కడికో పోయేదాన్ని. సారు కూడా చూసేవారు. ఇద్దరం అలా నిలబడిపోతే మిగతావాళ్లు నవ్వుకునేవారు.

అల దాకా పోయే ముందు బోర్డుకు ఫ్లక్స్ కొడతాం. చెట్టు జిగురు నీళ్లలో కలిపి చేసిన ద్రవం అది. లోహం మీది చిలుమును తీసేసి, తగరం పట్టుకునేలా చేస్తుంది. ఆ తడి ఎక్కువైతే అల తగలగానే చిటపటమంటూ తగరం చిమ్ముతుంది. ముందే ఆరిపోతే తగరం పట్టుకోదు, పైపైన కూర్చుంటుంది. చూసేవాళ్లకు అతికినట్టే ఉంటుంది. దాన్ని డ్రై జాయింట్ అంటారు. "మన సీమను చూసే ఆ పేరు పెట్టింటారు" అనేవారు సారు. తడికీ ఎండకూ నడుమ, రెండూ కాని ఒక స్థితి ఉంది. అప్పుడు అల తగిలితే అతుకు గట్టిగా పడుతుంది. మిషను పుస్తకంలో దానికి అంకెలున్నాయి గానీ పేరు లేదు. సారు దాన్ని పదును అనేవారు.

మా వైపు వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. వాన పడి, భూమి విత్తడానికి సరిపడా నాని, మరీ బురద కాకుండా ఉంటే పదునైంది అంటాం. ఆ తేమ కోసం మా నాయన లాంటివాళ్లు ఏడాదంతా కాచుకుని ఉంటారు. కానీ మా షిఫ్టు ఇన్‌ఛార్జి మూర్తిగారు రాజమండ్రి మనిషి. ఆయన చేరిన కొత్తల్లో ఒకరోజు సారు కర్నూలుకు బయల్దేరుతూ "మూర్తీ, పదును తప్పింది, కొంచెం చూడు" అని చెప్పి పోయారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మూర్తిగారు లైను ఆపేసి, విడిభాగాల కాళ్లు కత్తిరించే బ్లేడ్లన్నీ ఊడదీసి, సాన పట్టించి తెచ్చి, గుడ్డ మీద వరసగా పరిచి పెట్టారు. "ఇప్పుడు చూడండి సార్, వెంట్రుక వేస్తే తెగుద్ది" అన్నారు, ముఖం వెలిగిపోతుండగా.

మేమంతా నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నాం. సారు మాత్రం బ్లేడ్లు ఒక్కొక్కటే తీసి చూసి, బాగున్నాయని మెచ్చుకుని, మూర్తిగారి భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకుపోయారు. ముందురోజు వాన పడింది. గోడ పక్కన చేలో వంగి గుప్పెడు మట్టి తీసి ఆయన చేతిలో పెట్టారు. "గట్టిగా పిడికిలి పట్టు. ఇప్పుడు ఇడ్సు." ముద్ద కింద పడి పగిలింది. "ముద్ద కావల్ల, ఇడిస్తే పగలల్ల. అదప్పా పదును. కత్తిది కాదు." మూర్తిగారు చేతికంటిన మట్టిని చాలాసేపు చూసుకున్నారు. ఆ తరువాత షెడ్డులో ఆ మాట అందరికంటే ఎక్కువగా వాడింది ఆయనే.

నేను చేరిన మరుసటి వేసవిలో కష్టం వచ్చింది. మా బోర్డులు కొనే పంపుల కంపెనీ వాళ్లు సీసం కలపని తగరమే వాడాలన్నారు. అది మంచిదే, సీసం ఒంటికి చేటు. కానీ సీసం లేని తగరం మొండిది, ఒక పట్టాన అంటుకోదు. దానికి తోడు ఆ ఏడు ఎండలు. ఫ్లక్స్ కొట్టిన బోర్డు అల దాకా నడిచొచ్చేలోపే, అంచులు ఒక తీరుగా మధ్య ఒక తీరుగా, ఎండిపోయేది. షెడ్డులో పరీక్ష చేస్తే అన్నీ బాగానే పనిచేసేవి. పొలాల్లోకి పోయి, పగటి వేడికి సాగి, రాత్రి చలికి ముడుచుకున్నాక ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలుపెట్టాయి.

కడప అవతల ఒక బత్తాయి తోట నుంచి, మేం చీనీ తోట అంటాం, ఫోన్ వస్తే సారు నన్ను వెంటబెట్టుకుని జీపులో పోయారు. ఆ రైతు పెద్ద వయసాయన. నీడకు కూడా రమ్మనలేదు. "ఏమప్పా, ఆ బోర్డు చేసినోడివి నువ్వేనా?"

"నేనే."

"చెట్లు చూడు. కాయ రాల్తాండాది. బోరులో నీళ్లుండాయి, మోటరు బాగుండాది, ఎండ యాడికీ పోలేదు. నడుమ నీ బోర్డొకటి పండుకున్యాది."

సారు నేరుగా పంపు పెట్టె దగ్గరికి పోయారు. పెట్టె తెరిచి, స్క్రూడ్రైవరు పిడితో బోర్డు మీద మెల్లగా తడుతూ పోయారు. ఒకచోట తట్టగానే మోటారు ఒక్క క్షణం మూలిగి ఆగింది. జీపు బ్యాటరీ తీగలతో వేడి చేసిన కడ్డీని నా చేతికిచ్చారు. నేను ఆ అతుకును మళ్లీ కరిగించి పెట్టాను. గొట్టంలో నీళ్లు దగ్గి, బుసకొట్టి, పారాయి. పెద్దాయన మాకు ఒక్క మాటైనా చెప్పకుండా నీళ్ల వెంట నడుచుకుంటూ తోటలోకి పోయాడు. నాకు కోపం వచ్చింది. సారుకు రాలేదు. తిరిగొస్తూ "ఊడిపోయింటే మనకు షెడ్డులోనే తెలిసిండేది పాపా. అతుక్కున్నట్టు ఉండి అతుక్కోలేదు చూడు, అది నాకు బాధ" అన్నారు. ఆయన గొంతు అలా పలకడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ వారమే పంపుల కంపెనీ తేల్చి చెప్పింది. ఈ వేసవి దాటేలోగా బోర్డులు ఆగిపోవడం ఆగకపోతే ఆర్డరు వేరేవాళ్లకు పోతుంది. సారుకు ఇంకో ఆర్డరు లేదు. మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పారు. మూర్తిగారికి వాళ్ల ఊరుంది, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నాకు షెడ్డు మూసేస్తే మిగిలేది కోసిగి బస్సు, తరువాత గుంటూరు బస్సు.

అమ్మానాయనా సుగ్గి నుంచి తిరిగొస్తూ కర్నూలు బస్టాండులో దిగితే కలవడానికి పోయాను. నాయన నీళ్ల కోసం పోయాడు. అమ్మ మూట మీద కూర్చుని నా సంగతంతా విన్నది. నా రెండు చేతులూ తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఏమన్నా కానీ, నువ్వు సుగ్గికి మాత్రం రావద్దు. నీ చేతులు చూస్తే నాకు శానా సంతోషమైతాది. మంట లేదు వీటికి" అంది. తన చేతులు మాత్రం నా ముఖానికి తగలనివ్వలేదు. కోత ముగిసి రోజులైనా ఆమెకు ఆ భయం పోలేదు.

తరువాత కొన్నాళ్లు కలలో నడిచినట్టు గడిచాయి. సారు ఫ్లక్స్ ఎక్కువ కొట్టి చూశారు, వేడి తగ్గించి చూశారు, పట్టాల వేగం పెంచి చూశారు. ఏం చేసినా బోర్డు ఒక మూల తడి, ఒక మూల ఎండ. అప్పుడు అకాల వాన ఒకటి కురిసింది. మర్నాడు పొద్దున టీ గ్లాసులు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాం. మట్టి వాసన ఇంకా ఉంది. గుట్టలు కడిగినట్టున్నాయి. అవతల చేలో ఒకాయన ఎద్దులు కట్టి గుంటక తోలుతున్నాడు. ఎద్దుల మెడ గంటలు తప్ప చప్పుడు లేదు. గుంటక వెనక భూమి రంగు మారుతూ వస్తోంది.

"ఆయన ఎందుకు తోల్తాండాడు పాపా?" అన్నారు సారు. ఆయనకు తెలియక కాదు, అలా అడగడం ఆయనకు అలవాటు.

"తేమ పోకుండా సార్. పైమన్ను గుల్ల చేసి కప్పేస్తే కింద పదును నిలుస్తాది."

సారు గ్లాసు పెదాల దాకా తీసుకుపోయి ఆగిపోయారు. "మనం బోర్డును ఎండలో ఇడ్సిపెట్టి నీళ్లు పోస్తాండాం. కప్పల్ల కదా" అన్నారు, ఎవరికో చెబుతున్నట్టు. టీ తాగకుండా గోడ మీద పెట్టి షెడ్డులోకి పోయారు. ఆ గ్లాసు సాయంత్రం దాకా అక్కడే ఉంది.

షెడ్డు వెనక పాడైపోయిన కూలరు ఉండేది. దాని రేకులు రెండు ఊడదీశారు. ఫ్లక్స్ కొట్టే చోటి నుంచి అల దాకా కప్పాలంటే ఒక రేకు చాలలేదు. రెండింటి అంచులూ మడిచి, ఒకదాన్లో ఒకటి ఇరికించి, సుత్తితో కొట్టి అతికారు. ఆ మూత పట్టాల మీద బోర్లించి మిషను నడిపితే, తడి ఎక్కడికీ పోక, అల తగలగానే తగరం నాలుగు వైపులా చిమ్మింది. "దీపావళి ముందే వచ్చిందండీ" అన్నారు మూర్తిగారు. సారు నవ్వి మేకు, సుత్తి అడిగి తీసుకున్నారు. ఫ్లక్స్ వైపు చిల్లులు పలుచగా కొట్టారు. అల వైపు పోయేకొద్దీ దగ్గర దగ్గరగా కొట్టారు. తడి ఒక్కసారే పారిపోకుండా, నడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పోవాలని. రేకు నేను పట్టుకుంటే ఆయన కొట్టేవారు, ఆయన చేయి నొప్పి పుడితే నేను కొట్టేదాన్ని. మధ్యలో అతుకు వచ్చింది. నేను దాని మీద మేకు పెట్టాను.

"అతుకు మీద వద్దు, ఊడుతుంది. దాన్ని ఇడ్సిపెట్టి అవతల కొట్టు" అన్నారు.

అలా మూత నడుమ అరచేతి వెడల్పున ఒక పట్టీ చిల్లులు లేకుండా మిగిలిపోయింది.

మూత బిగించి మళ్లీ నడిపాం. బోర్డు అవతలి కొసన బయటికొచ్చి అల ఎక్కబోయే ముందు, సారు నేర్పినట్టు చేయి తిప్పి వెనక వైపు దాని దగ్గర పెట్టాను. వెచ్చగా, తడి తగిలీ తగలనట్టుగా, బోర్డంతా ఒకే తీరుగా ఉంది. "పదును వచ్చింది సార్" అన్నాను. బోర్డు అల మీదుగా చప్పుడు లేకుండా పోయింది. తిప్పి చూస్తే ప్రతి కాలి చుట్టూ తగరం పైకి ఎక్కి పట్టుకుని ఉంది. షెడ్డులో ఆ మూతకు సారు జల్లెడ అని పేరు పడింది.

ఆ బోర్డుల్లో మొదటిది చీనీ తోట పెద్దాయనకు సారే తీసుకుపోయి బిగించి వచ్చారు. మిగతావి వేరే పొలాలకు పోయాయి. ఎండలు ముదిరాయి. ఫోన్ మోగినప్పుడల్లా నా ప్రాణం పోయినంత పనయ్యేది. వేసవి చివర్లో ఒకరోజు ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. సారు స్పీకరు పెట్టారు. "ఏం లేదప్పా. నీళ్లు పోతాండాయి. ఊరికే చేసినా" అని పెట్టేశాడు. సారు ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి పోయి, గేటు దగ్గర మాకు వీపు చేసి నిలబడ్డారు. ఆర్డరు నిలిచింది. నేను సుగ్గికి పోలేదు. మరుసటి ఏడు అమ్మ కూడా పోలేదు, ఓర్వకల్లుకు వచ్చి నాతోనే ఉండిపోయింది.

తరువాత మిషన్లు తయారుచేసే కంపెనీ మనుషులు వచ్చారు. సారు వాళ్లకు టీ ఇప్పించి, మూత తీసి చూపించి, కొలతలు కూడా చెప్పారు. కొన్నేళ్లకు వాళ్ల కొత్త మిషన్ల బొమ్మల్లో అలాంటి మూత కనిపించింది, ఏదో ఇంగ్లీషు పేరుతో. నేను మండిపడ్డాను. "మీ పేరు ఒక మూలన్నా వేసిండకూడదా సార్" అన్నాను.

"గుంటక కనిపెట్టినోడి పేరు చెప్పు పాపా."

"తెలీదు సార్."

"తెలీదని మీ నాయన తోలకుండా ఉన్న్యాడా?"

ఈ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. గుంటక సంగతి వేరు. ఈ మనిషి నా కళ్ల ముందు మేకు పట్టుకుని కూర్చున్నాడు. కానీ ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఆరోగ్యం చెడిపోయాక షెడ్డు మూసేశారు. నేను కడపకు వచ్చేశాను. కిందటేడు చలికాలంలో సారు పోయారు. సారు జల్లెడ పాత ఇనుముకు పోయిందని మూర్తిగారు ఫోన్లో చెబితే, సారు పోయారన్నప్పుడు ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఇవాళ మా కొత్త మిషనును బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు, దాని గొప్పలు చెబుతూ మూత దగ్గరికి వచ్చాడు. స్టీలు మూత, ఎక్కడా అతుకు లేని ఒకటే రేకు. ఫ్లక్స్ వైపు చిల్లులు పలుచగా ఉన్నాయి. అల వైపు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నడుమ అరచేతి వెడల్పున ఒక పట్టీలో చిల్లులు లేవు.

"ఇక్కడ ఎందుకు లేవు?" అని అడిగాను.

"డిజైనే అంత మేడం. ఆవిరి అక్కడ కాసేపు ఆగాలని పెట్టి ఉంటారు. మొదటి డ్రాయింగు నుంచీ అలాగే ఉంది. దాన్ని మార్చాలని ఎవరూ అనుకోలేదు."

ఆ పట్టీ మీద అరచేయి ఆనించాను. సరిగ్గా సరిపోయింది. "ఇక్కడ అతుకు ఉండేది" అన్నాను.

"ఏ అతుకు మేడం? ఇది ఒకటే రేకు కదా."

"ఓబులరెడ్డి సారు వేసిన అతుకు."

"ఎవరాయన?"

అప్పుడే మొదటి బోర్డు మూత కింద నడిచి అవతలి కొసన బయటికొచ్చింది. రెండో చేయి తిప్పి దాని దగ్గర పెట్టాను. పదును వచ్చింది, పోనివ్వండి అన్నాను. పక్కనున్న అమ్మాయి ఆ మాటకు నా ముఖంలోకి చూసింది. బోర్డు అల ఎక్కి, దాటి, దిగింది. ఆ పట్టీ మీది చేయి మాత్రం తీయలేదు. రేకు వేడెక్కుతోందని తెలుస్తూనే ఉంది, కాలేదాకా అలాగే ఉంచాను.

ఇది రాస్తుంటే అరచేతిలో ఇంకా చురుక్కుమంటోంది. అమ్మ చూసి, వెన్న తెచ్చి రాస్తూ, ఏందే ఈ మంట అని కంగారు పడింది. మిరపకాయలది కాదులేమ్మా అన్నాను.